వరలక్ష్మీ వ్రతంలో ఆస్ట్రియా మహారాణి

2024 ఆగస్టు 16, శుక్రవారం, మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఇండియాలో అయితే ఆఫీసు ఉందని చెప్పి మగవాళ్లు ఆ పూటకి జారుకోవచ్చు. మస్కట్‌లో శుక్రవారం సెలవు. అందుకని నేనూ పంచె కట్టుకుని గంట వాయించే డ్యూటీలో ఉన్నాను. రువిలో మా ఫ్లాట్ హాల్లో పీట మీద బియ్యం, బియ్యం మీద కలశం, కలశం ముందు తమలపాకు, ఆ తమలపాకు మీద పసుపూ కుంకుమా పెట్టించుకుని వెండి రూపు. ఆ రూపులో అమ్మవారికి ముక్కు కాస్త పెద్దది. గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది. తల మీద ముసుగు. పేరంటానికి వచ్చినావిడ ఒకరు అక్షింతలు వేసి, వంగి చూసి, "అమ్మవారు కాస్త పుష్టిగా ఉన్నారండీ" అంది.

"మా అల్లుడుగారు అమెరికా నుంచి తెప్పించారమ్మా. వెనకాల గండభేరుండం కూడా ఉంది" అన్నారు మా అత్తగారు మురిపెంగా.

నేను గంట ఇంకాస్త గట్టిగా వాయించాను. ఆ అమ్మవారు వరలక్ష్మి కాదు. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా. ఆవిడ మా ఇంటి పీట మీదికి ఎలా వచ్చిందో చెప్పాలంటే నా పరువు కొంత ఖర్చవుతుంది. ఎలాగూ ఇంట్లో నిల్వ ఉన్నది తక్కువే.

ముందు ఆవిడ సంగతి. మరియా థెరీసా 1780 నవంబరులో కాలం చేసింది. రాజులు పోతే నాణేల మీద బొమ్మలూ మారతాయి. ఈవిడ విషయంలో మాత్రం మారలేదు. అరేబియాలో, ఎర్రసముద్రం ఒడ్డున, ఇథియోపియాలో వర్తకులు ఈ ముసుగావిడ బొమ్మ ఉన్న వెండినే నమ్ముతాం, ఇంకోటి తెస్తే తీసుకోం అని కూర్చున్నారు. దాంతో ఆవిడ పోయాక కూడా అదే బొమ్మ, అదే 1780 సంవత్సరం వేసి కొడుతూనే వచ్చారు. వియన్నాలోనే కాదు, రోమ్‌లో, లండన్‌లో, పారిస్‌లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బొంబాయి టంకశాలలో కూడా. వియన్నా వాళ్లు ఇవాళ్టికీ కొడుతున్నారు. బరువు 28 గ్రాముల చిల్లర. ఆరింట అయిదు వంతులు వెండి, ఒక వంతు రాగి. ఒమన్‌లో 1970 దాకా ఈ నాణెం చెల్లింది. దాని పక్కనే మన రూపాయి కూడా చెల్లింది. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని వేరే రంగులో నోట్లు అచ్చేసి పంపేది. 1970లో సొంత రియాల్ వచ్చాక రూపాయి వెళ్లిపోయింది గానీ పైసా ఇక్కడే ఉండిపోయింది. అరబ్బీలో 'ప' లేదు కాబట్టి బైసా అయింది. రియాల్‌కి వెయ్యి బైసాలు.

ఈ పురాణమంతా ఎందుకంటే, ఈ నాణేలు మస్కట్‌లో దొరకని వస్తువులు కావని చెప్పడానికి. మా ఇంటి నుంచి ముత్రా సూక్‌కి అంటే ఇక్కడి బజారుకి, కార్లో పది నిమిషాలు. అక్కడ వెండి కొట్లలో వీటిని పళ్లేల్లో పోసి పెడతారు, మన సంతల్లో వక్కలు పోసినట్టు. అలాంటి ఊళ్లో పదిహేడేళ్లుగా ఉంటూ నేను దాన్ని అమెరికాలో వేలంపాటలో కొన్నాను. పెరట్లో వేపచెట్టు పెట్టుకుని వేపపుల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాడి గురించి విని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ రాత్రి దాకా.

ఎందుకు కొన్నానంటే, అది డబ్బాలో ఉంది.

నాణేల లోకంలో ఆ డబ్బాని స్లాబ్ అంటారు. మనకి స్లాబు అంటే ఇల్లు. కోనసీమలో మా ఇంటికి స్లాబు వేయడానికి నాకు గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు పట్టింది. వీళ్ల స్లాబు అరచేతిలో ఇమిడిపోతుంది. గట్టి ప్లాస్టిక్, లోపల నాణెం, పైన చిన్న చీటీ. చీటీ మీద నాణెం పేరు, దాని గ్రేడు, ఒక నంబరు. అమెరికాలో పీసీజీఎస్ అని ఒక సంస్థ 1986లో, ఎన్‌జీసీ అని ఇంకోటి 1987లో ఈ పని మొదలెట్టాయి. నాణెం పంపితే వాళ్ల నిపుణులు చూసి, అసలుదో నకిలీదో తేల్చి, 70కి ఇన్ని మార్కులని వేసి, మళ్లీ తెరవడానికి వీల్లేకుండా మూసేసి పంపుతారు. 60, ఆ పైన వస్తే అసలు చేతులు మారని నాణెమన్నమాట. నంబరు వాళ్ల సైట్‌లో కొడితే వివరాలన్నీ వస్తాయి.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నా వృత్తి ఇంటర్నల్ ఆడిట్. ఎదుటివాడు చేసిన పని మీద పచ్చ సిరాతో టిక్కు పెట్టి జీతం తీసుకుంటాను. పైగా గల్ఫ్‌కి వచ్చిన తెలుగువాణ్ణి. నా బీకాం పట్టాకి ముందు వైపు కంటే వెనక వైపు ఎక్కువ అక్షరాలున్నాయి. నోటరీ ముద్ర, హైదరాబాద్ ముద్ర, ఢిల్లీ ముద్ర. పదిహేడేళ్లలో డెబిట్ ఏ పక్కన రాస్తారు బాబూ అని నన్ను అడిగినవాడు లేడు. ముద్ర ఉందా అని అడగనివాడూ లేడు. అలాంటి నాకు ఒక నాణెం, తన పట్టా తనే మెళ్లో వేసుకుని, నంబరుతో సహా ఎదురొస్తే ఎలా ఉంటుంది!

వేలం మా టైములో రాత్రి రెండు గంటలకి. మా ఆవిడ నిద్రపోతోంది. నేను దుప్పట్లో ఫోను పెట్టుకుని, ఇంటర్మీడియెట్‌లో నవల చదివినట్టు, వేలం పాడాను. మనసులో అనుకున్నది 60 డాలర్లు. అవతల ఎవడో 65 అన్నాడు. ఎవడు వాడు, నా మహారాణి మీద కన్నేసినవాడు? నేను 70 అన్నాను. వాడు 75. ఇలా ఆ కనపడని మగసవతితో పంతం పెరిగి 140 దగ్గర సుత్తి పడింది. గెలిచానని దుప్పట్లోనే పిడికిలి బిగించాను. తర్వాత బిల్లొచ్చింది. సుత్తి ధర మీద వేలం వాళ్లకి 20 శాతం, అంటే 28. పంపడానికి 35. మొత్తం 203 డాలర్లు. రియాల్‌కి 2.6 డాలర్లు చొప్పున 78 రియాళ్లు. నిబంధనల్లో అంతా ముందే రాసి ఉంది. ఊళ్లోవాళ్ల కాంట్రాక్టుల్లో చిన్న అక్షరాలు చదివి పెట్టడమే నా ఉద్యోగం. నా సొంతానికి చదవలేదు.

మా ఆవిడతో మాత్రం "పద్దెనిమిది రియాళ్లు" అన్నాను. అరవై మింగాను. ఆడిట్ భాషలో దాన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు.

పార్శిల్ వచ్చిన రాత్రి అందరూ పడుకున్నాక డబ్బా బయటికి తీశాను. గ్రేడు ఎం.ఎస్. (మింట్ స్టేట్) 64. ముద్దొచ్చింది. నంబరు సైట్‌లో కొట్టాను. తెరమీద వచ్చింది మరియా థెరీసా కాదు, కెనడా డాలరు.

గుండె జారింది. మళ్లీ చూశాను. కెనడాయే. "ఏమేవ్! మోసపోయాం! డెబ్భై ఎనిమిది రియాళ్లు!" అని అరిచాను.

మా ఆవిడ లేచి కూర్చుంది. లైటు వేసింది. నాణెం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "డెబ్భై ఎనిమిదా?" అంది. గల్ఫ్‌లో కాపురం చేసే ఆడవాళ్ల బుర్రలో రియాల్ని రూపాయిల్లోకి మార్చే మిషను నిద్రలో కూడా నడుస్తూనే ఉంటుంది. "పదిహేడు వేలండీ" అంది. తర్వాత ఆ డబ్బా తీసుకుని, నా కళ్లద్దాలు నాకు అందించి, "మూడు కాదండీ, అది ఎనిమిది" అంది.

ఎనిమిది కొడితే మరియా థెరీసా వచ్చింది. పేరు, సంవత్సరం, 64, అన్నీ సరే. ఒక్క అంకె చూసుకోక అరవై రియాళ్ల అబద్ధం బయటపడింది. "మొన్న విజయవాడలో గాజులు కొన్నాను. వాటి మీద ఆరక్షరాల నంబరుంది. కొట్లోనే నిలబడి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టాను, నిమిషంలో తేలింది, బిల్లు కట్టి వచ్చేశాను. దానికి ఊరంతా లేపలేదు" అంది మా ఆవిడ దుప్పటి లాక్కుంటూ.

అక్కడితో ఆగినవాణ్ణి నేనైతే ఈ వ్యాసం ఉండేది కాదు. నంబరు కలిసింది, సరే. కలిసినంత మాత్రాన? నకిలీగాళ్లు నాణేలనే కాదు, డబ్బాలని కూడా చేస్తున్నారని చదివాను. అసలు నాణెం ఫొటో చూసి, దాని నంబరే చీటీ మీద అచ్చేసి, లోపల నకిలీది పెడతారట. అప్పుడు సైట్‌లో కొడితే నంబరు నిజమే అంటుంది. ఆ నంబరున్న నాణెం ఎక్కడో ఎవరి బీరువాలోనో క్షేమంగా ఉంటుంది.

ఈ బాధ నాకు చిన్నప్పుడే తెలుసు. మా రోజుల్లో పదో తరగతి ఫలితాలు పేపర్లో హాల్ టికెట్ నంబర్లతో వచ్చేవి. నేను ఫస్ట్ క్లాసు వరసలో నా నంబరు చూసుకుని గంతేశాను. మా నాన్న వీధంతా బెల్లం పంచాడు. సాయంత్రానికి తేలిందేమంటే, నంబరు నిజమే గానీ నాది కాదు, నా వెనక బెంచీవాడిది. నాది కింద, థర్డ్ క్లాసులో, ఉండీ లేనట్టు ఉంది. పంచిన బెల్లం వెనక్కి అడగలేం కదా.

ఇక రాత్రులు మొదలయ్యాయి. సైట్‌లో ఉన్న ఫొటోనీ చేతిలో ఉన్న నాణేన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడటం. వెనక వైపు గద్ద రెక్క కింద ఫొటోలో చిన్న గీత ఉంది. నా దాంట్లో ఉందా? ట్యూబులైటు కింద ఉంది. బాత్రూం లైటు కింద లేదు. అంచున ఫొటోలో నీలి ఛాయ. నా దాంట్లో గోధుమ. ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ తీసి డబ్బాకి ఆనించాను, జారిపోయింది. అంటే ఇనుము కాదు. ఇత్తడి అయినా జారుతుందని మావాడు, తొమ్మిదో తరగతివాడు, పళ్లు తోముకుంటూ చెప్పిపోయాడు.

ఇంతలో ఆ 70 మార్కుల లెక్క పుట్టు పూర్వోత్తరాలు చదివి నా నిద్ర పూర్తిగా పోయింది. ఆ లెక్క 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పెట్టాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. మనుషుల శరీరాలని లావు, కండ, బక్క అని మూడు రకాలు చేసి మార్కులు వేసిన మనిషే, పాత అమెరికన్ సెంట్లకీ మార్కులు వేశాడు. ఆయన 1977లో పోయాడు. పోయాక బయటపడింది, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మంచి సెంట్లు ఆయన తీసుకుని, వాటి స్థానంలో నాసివి పెట్టాడని. వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. నాణేలకి మార్కులు వేయడం నేర్పినాయనే నాణేలు మార్చేసేవాడైతే ఇంక మనం ఎవర్ని నమ్మాలి అని మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ మొదటి భాగం దగ్గరే ఆగిపోయింది. నా పొట్ట వైపు చూసి, "ఆ మూడు రకాల్లో మీరు ఏ రకమో ఆయన చూసుంటే బావుండేది" అంది.

ఒక శనివారం సాయంత్రం డబ్బా జేబులో వేసుకుని ముత్రా వెళ్లాను. సూక్ లోపలికంటా, సాంబ్రాణి పొగ దాటాక, ఒక పెద్దాయన వెండికొట్టు ఉంది. ముత్రా పాత వర్తకులకి హిందీ బాగా వచ్చు. మా నాన్న రూపాయిల్లోనే లెక్కలు రాసేవాడు అని ఆయనే చెప్పాడు. డబ్బా చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి, "దీన్ని ఇందులో ఎందుకు పెట్టారు? ఏం తప్పు చేసింది?" అన్నాడు.

అసలుదో కాదో చెప్పమన్నాను. ప్లాస్టిక్‌ని వేలితో కొట్టాడు. టక్కుమంది. తల అడ్డంగా ఊపాడు. డబ్బాలో ఉంటే మోత వినపడదు, బరువు తెలియదు, అంచు కనపడదు. దీని అంచున పైకి ఉబ్బి లాటిన్ అక్షరాలుంటాయి, న్యాయం, దయ అని అర్థం. అంచు గీకి వెండి దొంగిలించకుండా ఆ ఏర్పాటు. వెనకటికి ఎడారివాళ్లు ఆవిడ బ్రోచ్ చుట్టూ ఉన్న ముత్యాలు వేలితో తడిమి లెక్కపెట్టుకుని గానీ తీసుకునేవారు కాదట. నా నాణేన్ని తడిమే యోగం నాకే లేదు. 78 రియాళ్లు పోసింది ముట్టుకోకుండా ఉండే హక్కు కోసం.

పెద్దాయన పక్కనున్న పళ్లెం ముందుకు తోశాడు. నలభై యాభై మరియా థెరీసాలు. "ఏ సంవత్సరం కావాలి?" అన్నాడు గంభీరంగా. అన్నీ 1780. పళ్లెం పక్కన పాత ఒమానీ హారం ఒకటి వేలాడుతోంది, ఈ నాణేలకే కొంకీలు అతికి గుచ్చినది. మన కాసులపేరుకి పెద్దమ్మ కూతురు. ఇక్కడ ఆడవాళ్లు ఈ వెండిని మెడలో వేసుకున్నారు, కరిగించి కడియాలు చేయించుకున్నారు, పెళ్లిళ్లలో పెట్టారు. అలా కొంకీ అతికి ఊడదీసిన నాణేనికి గ్రేడింగ్ వాళ్లు అంకె వేయరు. 'డీటెయిల్స్' అని రాసి, కొంకీ ఊడదీసినది అని తప్పు పక్కన పెడతారు. తోమినదానికీ అంతే. మనిషి వంటికి తగిలిన పాపానికి మార్కులు పోతాయి. పళ్లెంలోది ఎంత అని అడిగాను. పన్నెండు రియాళ్లు అన్నాడు. నా మొహం చూసి పదకొండు చేశాడు.

ఇంటికి వచ్చేదాకా కారులో ఒకటే మాట తిరుగుతోంది: అంచు చూడాలి. ఆ రాత్రి నేను చేసిన పని ఏ సేకర్తా చేయడు. డబ్బాని గుడ్డలో చుట్టి, వంటింటి గచ్చు మీద పెట్టి, పచ్చడిబండతో నాలుగు వేశాను. మొదటి దెబ్బకి మూల విరిగింది. మూడో దెబ్బకి మా అత్తగారు లేచారు. ఆవిడ విజిట్ వీసా మీద వచ్చి నెలైంది. "ఇంత రాత్రప్పుడు పచ్చడేంటండీ అల్లుడుగారూ" అన్నారు గుమ్మంలోంచి. కొబ్బరికాయ అన్నాను. కోనసీమ మనిషికి కొబ్బరికాయ చప్పుడేదో తెలియదా! ఏమీ అనకుండా వెళ్లి పడుకున్నారు.

నాణెం చేతిలోకి వచ్చింది. మా ఆవిడ కేకులకి మైదా తూచే తూకం మీద పెట్టాను. 28. అంచు తిప్పి చూశాను. ఉబ్బెత్తు లాటిన్ అక్షరాలు, ఒక్కటీ చెరగలేదు. గద్ద రెక్క కింద ఆ చిన్న గీత కూడా ఉంది, ప్లాస్టిక్ అడ్డం లేకుండా చూస్తే శుభ్రంగా ఫొటోలో ఉన్నచోటే ఉంది. అచ్చంగా అదే నాణెం. నిఖార్సైన ఎం.ఎస్. 64. కాకపోతే గ్రేడు డబ్బాతో పాటే. డబ్బా పగిలిందంటే ఆ హామీ పోయినట్టే. మళ్లీ కావాలంటే అమెరికా పంపి, ఫీజు కట్టి, మళ్లీ పరీక్ష రాయించాలి.

అదీ ఆలోచించాను, సిగ్గులేకుండా. పొద్దున్నే ఆఫీసు నుంచి కొరియర్ రేట్లు కూడా కనుక్కున్నాను. సాయంత్రం వచ్చేసరికి వంటింటి గట్టు మీద నాణెం లేదు. పూజ గదిలో ఏదో తళతళా మెరుస్తోంది.

"గట్టు మీద నల్లగా మసిబారి పడుంటేనండీ," అన్నారు అత్తగారు, "చింతపండేసి తోమి, మీదట విభూది పెట్టి రుద్దాను. ఎలా మెరిసిపోతోందో చూడండి. ఈ ఏడు రూపు కొనక్కర్లేదు."

ఆ మసి రెండు మూడు తరాల గాలి పట్టి వచ్చినది. దానికి పరిభాషలో టోనింగ్ అని అందమైన పేరుంది, దానికోసం ఎక్కువ డబ్బులిచ్చేవాళ్లున్నారు. నాణెం, నాణ్యం అనే మాటల మధ్య ఉన్నది ఒక్క ఒత్తు. ఆ ఒత్తు చింతపండు నీళ్లతో పాటు సింకులోకి పోయింది. ఇదంతా ఆవిడకి చెప్పలేదు. పచ్చడిబండ మాట వస్తుందని.

"ఇంతకీ అది వెండేనా అమ్మా? ఆయనకి నెల రోజుల నుంచీ అదే బెంగ" అంది మా ఆవిడ వెనకనుంచి.

అత్తగారు నాణేన్ని గట్టు మీద ఒక్కసారి వదిలారు. ఖంగుమంది. మోత ఆగేదాకా చెవి ఒగ్గి విన్నారు. "వెండేనే. కాపోతే రాగి కాస్త దిట్టంగానే కలిపారు" అని మళ్లీ తీసి దానికి కుంకుమ పెడుతూ కూర్చున్నారు.

వ్రతం బాగా జరిగింది. సెప్టెంబరులో అత్తగారు ఊరెళ్లిపోతూ అమ్మవారిని కొంగున ముడేసుకుని తీసుకెళ్లారు. కాకినాడలో కంసాలి చేత కొంకీ అతికించి మనవరాలి మెళ్లో వేస్తారట. నేను ఎయిర్‌పోర్టులో సామాను బండి తోశాను.

నా దగ్గర మిగిలింది పగిలిన డబ్బా, అందులో చీటీ. వాటిని టేపు వేసి బీరువాలో దాచుకున్నాను. అప్పుడప్పుడు రాత్రిపూట, అలవాటు చావక, కళ్లద్దాలు పెట్టుకుని ఆ నంబరు సైట్‌లో కొడుతుంటాను. మొన్న కూడా కొట్టాను. మా ఆవిడ అటు తిరిగి పడుకునే, "ఏమంటోంది?" అంది.

"నిజమైనదేనట" అన్నాను.